మా పిల్లలకు మినహాయింపు వద్దు, అందరూ కలిసి నిలబడగలిగే బడి అసెంబ్లీ కావాలి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పాఠశాల విద్యాశాఖల ఉన్నతాధికారులకు, జిల్లా విద్యాశాఖాధికారులకు, ప్రభుత్వ పాఠశాలల ప్రధానోపాధ్యాయులకు నమస్కారం.

మాది కృష్ణా జిల్లాలో ఒక పల్లె. మా ఇంట్లో దేవుడి గది లేదు. మా మామగారి తరం నుంచీ ఇంట్లో పెళ్లిళ్లు పురోహితుడు లేకుండా, దండలు మార్చుకుని, రిజిస్టరులో సంతకాలు పెట్టి జరుగుతున్నాయి. మేం ఏ మతమూ పాటించం. పాటించేవాళ్ల మీద మాకు చిన్నచూపు లేదు. పక్కింటివాళ్ల ఉండ్రాళ్లూ, ఎదురింటివాళ్ల క్రిస్మస్ కేకూ, రంజాన్‌కి వచ్చే సేమ్యా పాయసమూ మా ఇంట్లో అందరం ఇష్టంగా తింటాం. మా అమ్మాయి ఊళ్లోని ప్రభుత్వ బడిలో నాలుగో తరగతి చదువుతోంది. ప్రైవేటు స్కూలు బస్సు మా గుమ్మం ముందు నుంచే పోతుంది. అయినా అన్ని ఇళ్ల పిల్లలూ కూర్చునే చోటే మా పిల్లా కూర్చోవాలని సర్కారు బడికి పంపుతున్నాం. ఆ బడి గురించే, ముఖ్యంగా ఉదయం అసెంబ్లీలో చేయించే మత ప్రార్థన గురించే మీకు రాస్తున్నాను.

రోజూ తొమ్మిదింటికి గంట కొట్టగానే పిల్లలు వరసల్లో నిలబడతారు. ముందు సరస్వతీ శ్లోకం, తర్వాత ఒక భక్తి పాట. ఆ తర్వాత ప్రతిజ్ఞ, వార్తలు, మంచి మాట, జాతీయ గీతం. మొదటి రెండింటికీ చేతులు జోడించాలి, కళ్లు మూసుకోవాలి. మా అమ్మాయి చేతులు కిందికి వదిలి, కళ్లు తెరిచి నిలబడింది. అల్లరి చేయలేదు, మాట్లాడలేదు. టీచరు గారు దగ్గరికి వచ్చి, రెండు చేతులూ తీసి కలిపి, "ఇలా పెట్టుకో తల్లీ" అన్నారు. ఆవిడ చాలా మంచి మనిషి. పిల్లకి జ్వరం వస్తే సొంత స్కూటీ మీద ఇంటికి తెచ్చి దింపారు. ఆవిడ మీద నాకు ఫిర్యాదేమీ లేదు. నా ఫిర్యాదు ఆ సన్నివేశాన్ని తప్పనిసరి చేస్తున్న పద్ధతి మీద.

వెళ్లి హెడ్మాస్టరు గారితో మాట్లాడాను. ఆయన కూడా మర్యాదగానే విన్నారు. "మీకు ఇష్టం లేకపోతే ఆ పది నిమిషాలూ పాపని క్లాసులోనే కూర్చోనివ్వండమ్మా, మాకేం అభ్యంతరం లేదు" అన్నారు. ఆ మాటతో సమస్య తీరిపోయినట్టే అనిపిస్తుంది ఎవరికైనా. తీరలేదు. నాలుగో తరగతి పిల్ల ఖాళీ గదిలో ఒక్కతే కూర్చుని, బయట తన స్నేహితులంతా పాడుతుంటే వింటూ ఉండాలి. "నీకు పనిష్మెంటా?" అని ఒకళ్లు, "మీరు చర్చివాళ్లా?" అని ఇంకొకళ్లు, "దేవుణ్ణి మొక్కకపోతే పరీక్ష పోతుంది" అని మరొకళ్లు. వాళ్లు చెడ్డ పిల్లలు కారు, పిల్లలు అడిగేవే అడిగారు. కొన్నాళ్లకి మా అమ్మాయి తనే అంది: "అమ్మా, నేను కూడా వెళ్లి చేతులు జోడిస్తాలే. ఒక్కదాన్నే ఉండలేను."

సరే అన్నాను. ఇంకేమనగలను? ఇల్లా, స్నేహితులా అని తేల్చుకోమని తొమ్మిదేళ్ల పిల్లని అడగలేం కదా. ప్రభుత్వం కూడా అడగకూడదన్నదే నా మొర.

మీతో మాట్లాడినప్పుడల్లా మినహాయింపు దగ్గరే మాట ఆగిపోతోంది కాబట్టి ఒక తీర్పు సంగతి చెప్పాలి. ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో ఏ మతమూ పాటించని దంపతులు తమ కూతుర్ని ప్రభుత్వ నిధులతో నడిచే ప్రాథమిక పాఠశాలలో చేర్చారు. అక్కడి మత విద్య సిలబస్‌ను నాలుగు ప్రధాన క్రైస్తవ చర్చిలు కలిసి తయారుచేశాయి. బడిలో సామూహిక ప్రార్థన కూడా ఉంది. కొన్నాళ్లకి ఆ పాప ఇంట్లో భోజనానికి ముందు దేవుడికి కృతజ్ఞత చెప్పడం మొదలుపెట్టింది. ఇంట్లో ఎవరూ నేర్పని అలవాటు అది. తల్లిదండ్రులు కోర్టుకు వెళ్లారు. 2025 నవంబరులో బ్రిటన్ సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా వాళ్ల పక్షాన తీర్పు ఇచ్చింది. బోధన నిష్పాక్షికంగా, విమర్శనాత్మకంగా, అన్ని అభిప్రాయాలకూ చోటిచ్చేలా లేదని తేల్చింది. "ఇష్టం లేనివాళ్లు తమ పిల్లల్ని వాటి నుంచి తప్పించవచ్చు" అన్న వెసులుబాటు దానికి సరిపోదని కూడా చెప్పింది. అలా తప్పిస్తే పిల్లల మీద ముద్ర పడుతుందనీ, తమ నమ్మకాలేమిటో బయటపెట్టుకునే భారం తల్లిదండ్రుల మీద పడుతుందనీ గుర్తించింది. అది చదువుతుంటే మా అమ్మాయి మాటే మళ్లీ విన్నట్టయింది.

ఇంకా వెనక్కి వెళ్తే 1948లోనే అమెరికా సుప్రీంకోర్టు ముందుకు ఇలాంటి కేసే వచ్చింది. ఇలినాయ్ రాష్ట్రంలో షాంపేన్ అనే ఊళ్లో, బడి గంటల్లో జరిగే మత తరగతికి వెళ్లని ఒక అబ్బాయిని నడవాలో ఒంటరిగా కూర్చోబెట్టారు. వాళ్లమ్మ కేసు వేసి గెలిచింది. దేశాలు వేరు, చట్టాలు వేరు. ఒంటరిగా కూర్చున్న పిల్లవాడి బాధ మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే.

మన దగ్గర చట్టం ఏం చెబుతోంది? విదేశీ తీర్పులు వెతుక్కోవాల్సిన అవసరం నిజానికి మనకు లేదు. రాజ్యాంగంలోని 28(1) అధికరణ ప్రకారం, పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మత బోధన ఉండకూడదు. 28(3) ఇంకో అడుగు ముందుకేసి, ప్రభుత్వ గుర్తింపు గానీ ఎయిడ్ గానీ ఉన్న ఏ బడిలోనైనా, మైనరు విషయంలో సంరక్షకుల సమ్మతి లేకుండా మత బోధనలోగానీ మతపరమైన ఆరాధనలోగానీ పాల్గొనమనకూడదంటుంది. గమనించండి, సమ్మతి ముందు తీసుకోవాలి. మన బడుల్లో జరిగేది తలకిందులుగా ఉంది. అందరినీ ముందు నిలబెట్టేసి, వద్దన్నవాళ్లు వచ్చి చెప్పుకోవాలి. ఈ నియమం హిందూ ప్రార్థనకి ఎంత వర్తిస్తుందో, ఎయిడెడ్ మిషనరీ బడిలో బైబిలు వాక్యానికీ అంతే వర్తిస్తుంది. గుంటూరులో మా బంధువుల అబ్బాయిది సరిగ్గా ఆ రెండో ఇబ్బందే.

ఈ అధికరణ ఎందుకు పెట్టారో 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో అంబేడ్కర్ గారు వివరించారు. అందరి పన్నులతో వచ్చిన డబ్బు ఒక మతం బోధనకు వాడకూడదన్నారు. ఇన్ని మతాలున్న దేశంలో బడి అందరి మతాలూ బోధించడం సాధ్యం కాదన్నారు. ఒక మతం సత్యమని చెప్పింది ఇంకో మతం కాదంటుంది కాబట్టి, ఆ వాదులాట బడిలోకి వస్తే బడి ప్రశాంతత దెబ్బతింటుందన్నారు. డెబ్బై ఏళ్లు దాటినా ఆ మూడు కారణాల్లో ఒక్కటీ పాతబడలేదు.

కోర్టుల సంగతికొస్తే, 1985లో కేరళలో ముగ్గురు పిల్లల్ని జాతీయ గీతం పాడలేదని బడి నుంచి పంపేశారు. వాళ్లు యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖకు చెందిన కుటుంబం. గీతం వచ్చినప్పుడు గౌరవంగా లేచి నిలబడేవాళ్లు, పాడేవాళ్లు కాదు, అంతే. 1986లో సుప్రీంకోర్టు వాళ్లని మళ్లీ చేర్చుకోమంది. ఆ తీర్పు రాసింది మన తెలుగు న్యాయమూర్తి, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి గారు. లెక్కలోకి రానంత చిన్న మైనారిటీ కూడా రాజ్యాంగం కింద తనకంటూ గుర్తింపు పొందగలగడమే ప్రజాస్వామ్యానికి అసలైన పరీక్ష అని ఆయన అందులో రాశారు. ఆ పిల్లలది మత విశ్వాసం, మాది అవిశ్వాసం. 25వ అధికరణలోని అంతరాత్మ స్వేచ్ఛ రెండింటికీ నీడనిస్తుంది. 2013లో బొంబాయి హైకోర్టు కూడా ఇదే దారిలో నడిచింది. నాసిక్‌లో ఒక ఉపాధ్యాయుడు ప్రార్థనప్పుడు నిలబడినా చేతులు జోడించలేదని పై వేతన స్కేలు ఆపేస్తే, అలా బలవంతపెట్టడం కుదరదంది. పెద్దాయనకే ఉద్యోగం, జీతం అడ్డుపెట్టి ఒత్తిడి తెస్తే కోర్టుకెళ్లాల్సి వచ్చింది. తొమ్మిదేళ్ల పిల్ల ఎక్కడికి వెళ్తుంది?

కేంద్రీయ విద్యాలయాల్లో ఉదయం పాడే సంస్కృత, హిందీ ప్రార్థనల మీద కూడా 2017లో సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. మైనారిటీల పిల్లలతో పాటు నాస్తికుల, హేతువాదుల పిల్లల పేరు కూడా అందులో ప్రస్తావించారు. 2019 జనవరిలో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని పెద్ద ధర్మాసనానికి పంపింది. కోర్టు తేల్చేదాకా కూర్చోవాల్సిన అవసరం మన రెండు రాష్ట్రాలకూ లేదు. ఇది ఒక సర్క్యులర్‌తో అయ్యే పని.

"అది మతం కాదమ్మా, సంస్కృతి" అంటారు చాలామంది. ఈ మాట మనస్ఫూర్తిగానే అంటారని నాకు తెలుసు. సంస్కృతి అంటే మాకూ ప్రాణమే. ముగ్గులేస్తాం, గొబ్బిళ్లు పెడతాం, బతుకమ్మ పాటలు మా చెల్లెలు వరంగల్ నుంచి నేర్చుకుని వచ్చి పాడుతుంది. కానీ ఒక దేవతని ఉద్దేశించి, చేతులు జోడించి, కళ్లు మూసుకుని, నమస్కరిస్తున్నాను, నాకు సిద్ధి కలిగించు అని వేడుకుంటే అది ప్రార్థనే. వేడుకునేవాళ్లకి అది పవిత్రం. దాన్ని వట్టి ఆనవాయితీగా తేల్చేస్తే నమ్మేవాళ్ల మనసుకే కష్టం కలగాలి.

"ముస్లింల పిల్లలూ, క్రైస్తవుల పిల్లలూ ఏమీ అనడం లేదు కదా" అని కూడా అడుగుతారు. అనకపోవడం సమ్మతి కాదు. కూలి పని వదులుకుని హెడ్మాస్టరు గదికి వచ్చి, గొంతు విప్పి ఇది మాకు ఇష్టం లేదని చెప్పగలిగే తల్లిదండ్రులు ఎందరుంటారు? నాలాంటి నాలుగు అక్షరాలు చదివినదానికే ఆ గుమ్మం దగ్గర కాళ్లు వణికాయి.

మరి అసెంబ్లీలో ఏముండాలి? ఉండాల్సింది ఇప్పటికే మన చేతిలో ఉంది. ప్రతిజ్ఞ చూడండి. దేశమంతా పిల్లలు చెప్పే ఆ ప్రతిజ్ఞని రాసింది నల్గొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు. 1962లో, విశాఖపట్నంలో ట్రెజరీ ఆఫీసరుగా ఉండగా తెలుగులో రాశారు. తర్వాత అది దేశంలోని ఎన్నో భాషల్లోకి వెళ్లింది. అందులో దేశం మీద ప్రేమ ఉంది, తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల, పెద్దల పట్ల గౌరవం ఉంది, అందరితో మర్యాద ఉంది, చివరికి జంతువుల పట్ల దయ కూడా ఉంది. దేవుడి ప్రస్తావన లేదు. అయినా ఆ మాటల్లో లోటు ఉందని ఏ భక్తుడూ అనలేదు. ఏ ఇంటి పిల్లయినా గొంతు కలపగల ఆ నాలుగు వాక్యాలూ ఒక తెలుగువాడు రాశాడని మన బడుల్లో చాలామందికి తెలియనే తెలియదు. అసెంబ్లీని దానితో మొదలుపెట్టండి. ఆ తర్వాత ఒక నిమిషం మౌనం ఉంచండి. నమ్మే పిల్లలు ఆ నిమిషంలో తమ దేవుణ్ణి తలుచుకుంటారు, మా పిల్ల కిటికీ మీది పిచ్చుకని చూసుకుంటుంది. ఎవరూ ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు.

జూన్‌లో జరిగే అక్షరాభ్యాసం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. తెలంగాణలో బడిబాట రోజుల్లో సామూహిక అక్షరాభ్యాసం పెడతారు. మా చెల్లెలి కొడుకుని అలాగే చేర్చారు. వరండాలో సరస్వతి పటం, పసుపు కుంకుమ, అక్షతలు, చిన్న చిన్న పలకలు. ఒక్కో అమ్మ ఒళ్లో ఒక్కో బిడ్డ. అమ్మ చెయ్యి బిడ్డ చేతి మీద, బిడ్డ చేతిలో బలపం, పలక మీద వంకరగా ఒక 'అ'. చూస్తుంటే ఎవరికైనా కళ్లు చెమరుస్తాయి, నాకూ చెమర్చాయి. ఆ పూట అక్కడున్న తల్లుల్లో బురఖా వేసుకున్నావిడా ఉంది, మెడలో శిలువ ఉన్నావిడా ఉంది, మా చెల్లెలూ ఉంది. పూజ జరుగుతున్నంతసేపూ వాళ్లు ముగ్గురూ కొంచెం వెనక్కి జరిగి, బిడ్డల్ని పట్టుకుని గోడ పక్కన నిలబడ్డారు. పలకలు పంచేటప్పుడు ముందుకొచ్చారు. ఆ పలకలే, ఆ ఒళ్లే, ఆ 'అ' అక్షరమే చాలు కదా. పూజ ఇంట్లోనో గుళ్లోనో చేయించుకునే స్వేచ్ఛ ప్రతి కుటుంబానికీ ఎలాగూ ఉంది. బడిలో జరిగేది బలపం పట్టించడం వరకే ఉంటే, మొదటి రోజు ఏ తల్లీ వెనక్కి జరగక్కర్లేదు.

ఇక్కడ నన్ను అపార్థం చేసుకోవద్దు. బడిలో మతం ఊసే ఎత్తొద్దని నేను అడగడం లేదు. మతాల గురించి చెప్పండి, బాగా చెప్పండి. రంజాన్ ఉపవాసం ఎందుకో, గుడ్ ఫ్రైడే ఏమిటో, మేడారంలో సమ్మక్క సారలమ్మ ఎవరో, అమరావతి స్తూపం ఎవరు కట్టారో తెలియకుండా పెరిగితే మా అమ్మాయికి తన చుట్టుపక్కల మనుషులే అర్థం కారు. 2002లో పాఠ్య ప్రణాళిక కేసులో సుప్రీంకోర్టు కూడా మతాల గురించి చదవడం 28వ అధికరణ వద్దన్న మత బోధన కిందికి రాదంది. మేం దాన్ని స్వాగతిస్తాం. అయితే ఆ పాఠంలో ఏ మతమూ లేకుండా నీతిగా బతికినవాళ్లకీ ఒక పేజీ ఉండాలి. అందుకు దూరం వెళ్లక్కర్లేదు. గోరా గారు వృక్షశాస్త్రం లెక్చరరు. నాస్తికత్వం కారణంగా కాకినాడలో ఒకసారి, బందరులో ఇంకోసారి కాలేజీ ఉద్యోగం పోయింది. 1940లో మా జిల్లాలోని ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో విజయవాడకు మార్చారు. ఆయనా, ఆయన భార్య సరస్వతి గోరా గారూ అంటరానితనం మీద పోరాడారు, సహపంక్తి భోజనాలు పెట్టారు, కులాంతర వివాహాలు చేయించారు, స్వాతంత్ర్యోద్యమంలో జైళ్లకు వెళ్లారు. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో పుట్టిన కొడుక్కి లవణం అని పేరు పెట్టుకున్నారు. దేవుణ్ణి నమ్మనివాళ్లు దేనికీ కట్టుబడరు అనుకునే పిల్లలకి ఆ ఇంటి కథ చెప్పాలి.

విలువల పాఠాల దగ్గర కూడా నా విన్నపం ఇదే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 నవంబరులో విద్యార్థుల నైతిక విలువల సలహాదారుగా ప్రవచనకర్త చాగంటి కోటేశ్వరరావు గారిని నియమించింది. తల్లిదండ్రుల మీద ప్రేమ, మాట మీద నిలబడటం, అబద్ధమాడకపోవడం లాంటివి పిల్లలకి చెప్పాలన్న తపన అందరిదీ. వాటికి పురాణ కథ ఒక దారి. ఆ ఒక్క దారే ఉందని పిల్లలకి అనిపించకూడదు. దేవుడు చూస్తున్నాడని దొంగతనం చేయకుండా ఉండటం మంచిదే. అవతలివాడు ఏడుస్తాడని చేయకుండా ఉండటమూ మంచిదేనని మా ఇంట్లో చెప్పుకుంటాం. విలువల పీరియడ్‌లో మా పిల్ల ఈ మాట అంటే, టీచరు గారు "కరెక్ట్" అనగలిగేలా ఆ పుస్తకాలూ, ఆ శిక్షణా ఉండాలి. ప్రశ్నించే తత్వాన్ని, శాస్త్రీయ దృష్టిని పెంపొందించడం పౌరుల ప్రాథమిక విధి అని 1976 సవరణతో రాజ్యాంగంలో 51-ఎ కింద చేర్చుకున్నాం కూడా.

ఇంక అడ్మిషన్ ఫారం. చేర్చే రోజు గుమాస్తా గారు "మతం?" అని అడిగారు. "లేదండి" అన్నాను. "అట్లా ఖాళీగా వదిలితే కంప్యూటర్ తీసుకోదమ్మా" అని, మా ఇంటిపేరు చూసి తనకి తోచింది నొక్కేశారు. అలా మా పిల్లకి ఒక మతం వచ్చింది. 2011 జనాభా లెక్కల్లో మతం చెప్పని భారతీయులు 28 లక్షలకు పైగా ఉన్నారు. వాళ్ల పిల్లలు బడి కంప్యూటర్లో ఎక్కడున్నారు? 2023 జులైలో తెలంగాణ హైకోర్టులో జస్టిస్ కన్నెగంటి లలిత గారు, కొడుకు జనన నమోదులో మతం, కులం రాయడానికి ఇష్టపడని దంపతుల పిటిషన్‌లో, దరఖాస్తులో "మతం లేదు, కులం లేదు" అనే కాలమ్ పెట్టమని ఆదేశించారు. పుట్టిన కాగితానికి కుదిరింది బడి రిజిస్టరుకి ఎందుకు కుదరదు?

ఈ కాలమ్ వెనక ఇంకో భయం ఉంది, అది మా కుటుంబానికి లేకపోయినా చెప్పాలి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే ఉండేది, తర్వాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. అందుకని మా ఊళ్లోనే ఏ దేవుణ్ణీ మొక్కని దళిత కుటుంబాలు, "మతం లేదు" అని రాస్తే రేపు పిల్లాడి సర్టిఫికెట్‌కి ఎసరొస్తుందేమోనని టెన్షన్ పడి హిందూ అనే రాయిస్తున్నాయి. బడి రిజిస్టరులో మతం కాలమ్ ఖాళీగా వదిలినంత మాత్రాన కులధ్రువీకరణకి ఏ ఇబ్బందీ రాదని న్యాయశాఖతో మాట్లాడి మీరు స్పష్టంగా రాసి ఇస్తే తప్ప వాళ్లకి ధైర్యం రాదు. దయచేసి ఆ పని చేయండి. నా అభ్యర్థనల్లో చాలామంది బతుకులతో ముడిపడింది ఇదే.

అధికారుల చేతిలో ఉన్నదే అడుగుతున్నాను. ప్రభుత్వ బడి అసెంబ్లీలో ప్రతిజ్ఞ, మౌనం, వార్తలు, మంచి మాట, జాతీయ గీతం ఉంటాయనీ, ఏ మత ప్రార్థనా ఉండదనీ ఒక సర్క్యులర్ ఇవ్వండి. మధ్యాహ్న భోజనం ముందు చెప్పించే శ్లోకాలకీ, గురుకులాల్లో సాయంత్రం భజనలకీ అదే వర్తిస్తుందని అందులో రాయండి. ఎయిడెడ్ బడులు ఏ మతం ప్రార్థన పెట్టినా, తల్లిదండ్రుల సంతకం ముందుగా తీసుకోవాలని 28(3) గుర్తుచేయండి. పండగల గురించి పిల్లలే వచ్చి చెప్పే రోజులు పెట్టండి, ఎవరింటి పండగ వాళ్లు చెబుతారు, మా పిల్ల దండల పెళ్లి గురించి చెబుతుంది. అడ్మిషన్ సాఫ్ట్‌వేర్‌లో మతం దగ్గర "ఏదీ లేదు", "చెప్పడం ఇష్టం లేదు" అనే రెండు ఎంపికలు చేర్పించండి.

హెడ్మాస్టర్లకి కూడా ఒక మాట. మీలో చాలామంది ఊళ్లోవాళ్లు ఏమంటారోనని వెనకాడుతున్నారని నాకు తెలుసు. దసరాకి పూజ మానేస్తే సర్పంచ్ దగ్గర్నుంచి ఫోను వస్తుంది. అందుకే ఈ భారం మీ ఒక్కరి నెత్తిన పెట్టకుండా పైనుంచి రాతపూర్వక ఉత్తర్వు రావాలని అడుగుతున్నాను. అది చేతిలో ఉంటే ఊరికి మీరు చూపించుకోవచ్చు.

బడులు జూన్ 12న తెరుస్తారు. సర్క్యులర్ మే నెలలోపు మండలాలకి చేరితే, వేసవి శిక్షణ తరగతుల్లోనే టీచర్లకి వివరించవచ్చు, అక్షరాభ్యాసం నాటికి అందరికీ తెలిసి ఉంటుంది. ఈ విషయం మీద తల్లిదండ్రుల అభిప్రాయం వినడానికి మీరు ఏ తేదీ ఇచ్చినా, జిల్లా కేంద్రంలో గానీ విజయవాడలో గానీ, నేనూ మా ఊరి నుంచి ఇంకొన్ని కుటుంబాలూ వస్తాం.

ఇట్లు,
ప్రభుత్వ పాఠశాలలో చదువుతున్న ఒక నాలుగో తరగతి విద్యార్థిని తల్లి,
కృష్ణా జిల్లా